కిసింజర్ గురించి అపోహలు - వాస్తవాలు: క్లాసులో ఏటా వినేవి, కాగితాల్లో ఉన్నవి

నేను సివిల్స్‌కీ గ్రూప్-1కీ చదివే పిల్లలకి అంతర్జాతీయ సంబంధాలు చెప్తాను, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, ఈ ఏడాదితో 16 ఏళ్లు. హెన్రీ కిసింజర్ అంటే, 1969 నుంచి 1977 దాకా అమెరికా అధ్యక్షులు నిక్సన్, ఫోర్డ్‌ల దగ్గర జాతీయ భద్రతా సలహాదారుగా, విదేశాంగ మంత్రిగా పని చేసినాయన. ఇండియా-అమెరికా సంబంధాల పాఠం 1971 బంగ్లాదేశ్ యుద్ధం దగ్గరికి వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు చెయ్యెత్తి "మేడం, ఆ కిసింజరే లేకపోతేనా..." అని మొదలుపెడతారు, ఇంక అక్కడ నుంచి ఒకరు ఆయన్ని చాణక్యుడంటారు, ఇంకొకరు రాక్షసుడంటారు, పీరియడ్ అయిపోతుంది. రెండు వైపుల వాళ్లు చెప్పేదాంట్లోనూ సగం వాట్సాప్‌లో తిరిగిన సరుకే. నాకు ఈ విషయంలో చాలా పట్టింపు. కీర్తి మొత్తం, పాపం మొత్తం ఒక్క మనిషి నెత్తిన పెట్టేస్తే అంత పెద్ద దేశంలో నిర్ణయం ఎక్కడ పుడుతుందో, ఎవరి చేతుల మీదుగా నడుస్తుందో మనకి ఎప్పటికీ అర్థం కాదు. రేపు మీలో ఎవరైనా ఫారిన్ సర్వీస్‌లో చేరితే మొదటి రోజు నుంచి అవసరం పడేది అదే. అందుకే క్లాసులో చెప్పేవి ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది.

అపోహ: జాతీయ భద్రతా సలహాదారు అంటే రాజ్యాంగంలో ఉన్న పెద్ద పోస్టు, అందుకే కిసింజర్‌కి అంత పవర్.

వాస్తవం: అసలు 1947లో జాతీయ భద్రతా మండలిని పెట్టిన చట్టంలో ఈ సలహాదారు పోస్టే లేదు. 1953లో ఐసెన్‌హోవర్ తన సౌకర్యం కోసం రాబర్ట్ కట్లర్ అనే ఆయన్ని పెట్టుకుంటే అలా మొదలైంది. సెనేట్ ఆమోదం అక్కర్లేదు, కింద పెద్ద శాఖ ఉండదు, రాయబారులెవరూ ఆయనకి రిపోర్ట్ చెయ్యరు. విదేశాంగ మంత్రి అలా కాదు, వాళ్లు సెక్రటరీ ఆఫ్ స్టేట్ అంటారు, ఆ పోస్టుకి సెనేట్ ముందు కూర్చుని ప్రశ్నలకి జవాబు చెప్పాలి, ఓటింగ్‌లో నెగ్గాలి. 1973 సెప్టెంబర్‌లో కిసింజర్ ఆ ఓటింగ్‌లో 78-7తో నెగ్గాడు, కానీ అప్పటికే ఆయన నాలుగున్నరేళ్లుగా ఏ ఓటింగూ లేకుండా అమెరికా విదేశాంగ విధానాన్ని నడిపిస్తున్నాడు.

మరి పవర్ ఎక్కడిది? రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి, నిక్సన్‌కి స్టేట్ డిపార్ట్‌మెంట్ అంటే నమ్మకం లేదు, ముఖ్యమైనవన్నీ వైట్‌హౌస్‌లోనే జరగాలని ఆయన పంతం. రెండోది కాగితం. 1969 జనవరిలో పదవిలోకి వచ్చిన మొదటి రోజుల్లోనే నిక్సన్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు, దాని ప్రకారం ఏ శాఖ నుంచి వచ్చిన విధాన పత్రమైనా అధ్యక్షుడి బల్ల మీదకి చేరేలోపు కిసింజర్ అధ్యక్షత వహించే కమిటీ గుండా పోవాలి. మన కలెక్టరేట్‌లో పని చేసిన వాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది, ఫైలు ఎవరి టేబుల్ దాటి వెళ్తుందో వాళ్లదే రాజ్యం. మొదట్లో ఆయన ఆఫీసు వెస్ట్ వింగ్ బేస్‌మెంట్‌లో ఉండేది, విలియం రోజర్స్ అనే విదేశాంగ మంత్రికి అవతల ఏకంగా ఓ పెద్ద బిల్డింగ్ నిండా డిపార్ట్‌మెంట్ ఉండేది, అయినా సోవియట్ రాయబారి డోబ్రినిన్ అసలు సంగతులు మాట్లాడుకోవడానికి వచ్చింది మాత్రం కిసింజర్ దగ్గరికే.

ఈ పవర్ అంతా అరువు తెచ్చుకున్నది అని ఎలా తెలుస్తుందంటే, 1975 నవంబర్‌లో ఫోర్డ్ ఒక్క మాటతో సలహాదారు పదవి తీసేసి బ్రెంట్ స్కోక్రాఫ్ట్‌కి ఇచ్చేశాడు, అడ్డుకోవడానికి కిసింజర్ చేతిలో ఏమీ లేదు. విదేశాంగ మంత్రిగా 1977 జనవరి దాకా ఉన్నాడు గానీ. ఈ రెండు పదవులూ ఒకేసారి చూసింది చాలాకాలం ఆయనొక్కడే, 2025లో మార్కో రూబియోకి కూడా రెండూ వచ్చాయి. మన దగ్గర ఈ పోస్టు 1998లో వచ్చింది, మొదటి ఆయన బ్రజేష్ మిశ్రా, అది చదివేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోండి, ప్రధానికీ ఆయనకీ మధ్య ఎన్ని టేబుళ్లున్నాయి అని.

అపోహ: చైనా తలుపు తెరిచింది కిసింజర్, ఐడియా కూడా ఆయనదే.

వాస్తవం: ఐడియా నిక్సన్‌ది. అధ్యక్షుడు కాకముందే, 1967 అక్టోబర్‌లో ఒక పత్రికలో వ్యాసం రాశాడు, చైనాని ఎప్పటికీ ప్రపంచ కుటుంబం బయట ఉంచలేం అని. గద్దెనెక్కిన రెండు వారాలకే, 1969 ఫిబ్రవరి 1న, చైనాతో మాట్లాడే దారులు చూడమని కిసింజర్‌కి నోట్ పంపాడు. అప్పుడు కిసింజర్‌కి ఇది జరిగే పని అనిపించలేదని ఆయన దగ్గర పని చేసిన అలెగ్జాండర్ హేగ్ తర్వాత చెప్పాడు. చైనా వైపు నుంచి కూడా కారణం బలంగానే ఉంది, 1969లో ఉస్సూరి నది మీద సోవియట్ సైన్యంతో కాల్పులయ్యాయి, మావోకి ఉత్తరం నుంచి భయం పట్టుకుంది. అవతలి వాళ్లు కూడా తలుపు తియ్యాలనుకోకపోతే ఇవతల ఎంత తెలివైనవాడున్నా తట్టుకుంటూ నిలబడాల్సిందే.

కిసింజర్ చేసిన పని తక్కువదని కాదు. ఆ ప్రయాణం నేను క్లాసులో చెప్తుంటే వెనక బెంచీ వాళ్లు కూడా ఫోన్లు పక్కన పెడతారు. 1971 జులైలో సైగాన్, బ్యాంకాక్ చూసుకుని 6వ తారీఖున ఢిల్లీ వచ్చాడు, ఇందిరా గాంధీని కలిశాడు, ఆమె సలహాదారు హక్సర్‌తో మాట్లాడాడు, అక్కణ్ణుంచి పాకిస్తాన్ వెళ్లి కడుపులో బాలేదని ప్రకటన ఇప్పించి, కొండ మీద నతియాగలిలో విశ్రాంతి తీసుకుంటున్నట్టు జర్నలిస్టులని నమ్మించి, తెల్లారకముందే పాకిస్తాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో బీజింగ్ బయల్దేరాడు. విమానం ఎక్కాక తెలిసింది, అసిస్టెంట్ ఆయన షర్టులు పెట్టడం మర్చిపోయాడని. పక్కన వస్తున్న జాన్ హోల్‌డ్రిడ్జ్ దగ్గర అప్పు తీసుకున్నాడు, ఆయన బాగా పొడగరి, షర్టులు వదులు, పైగా వాటి లేబుల్ మీద తైవాన్‌లో తయారైనట్టు ఉంది. చైనాతో మాట్లాడబోయే మొదటి అంశమే తైవాన్! ఇది ఎవరో కల్పించిన కథ కాదు, కిసింజరే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. బీజింగ్‌లో ఉన్నది రెండు రోజులు, చైనా ప్రధాని జౌ ఎన్‌లై‌తో దాదాపు 17 గంటలు కూర్చున్నాడు. ఆ 17 గంటల మాటలకి కావాల్సిన చదువు, ఓపిక, మాట నేర్పు ఆయనవి. జులై 15న టీవీలో ప్రకటించింది, 1972 ఫిబ్రవరిలో స్వయంగా వెళ్లింది, దేశంలో తన పార్టీ వాళ్లతో తిట్లు తినడానికి సిద్ధపడింది నిక్సన్.

అపోహ: 1971లో మనకి వ్యతిరేకంగా అమెరికాని నడిపింది కిసింజర్ ఒక్కడే, నిక్సన్ సంతకాలు పెట్టాడంతే. దీనికే ఇంకో రూపం, అదంతా చైనా కోసమే, మన మీద కోపమేమీ లేదు.

వాస్తవం: రెండూ తప్పే. దీని మీద నేను మూడు క్లాసులు తీసుకుంటాను, ఎందుకంటే మూడు కాగితాలున్నాయి.

మొదటిది 1971 ఏప్రిల్ 6న, అప్పటికి తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న ఢాకా నుంచి వెళ్లిన టెలిగ్రామ్. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో ఊచకోత మొదలుపెట్టింది, యూనివర్సిటీ హాస్టళ్ల మీదకి కూడా పోయింది. అక్కడ అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్. ఆయన ఆఫీసులోనూ అక్కడి మిగతా అమెరికా సంస్థల్లోనూ పని చేసే 20 మంది సంతకాలు చేసి తమ సొంత ప్రభుత్వానికే అసమ్మతి పంపారు, ప్రజాస్వామ్యాన్ని అణిచేస్తుంటే మన ప్రభుత్వం ఖండించలేదు, దారుణాలని ఖండించలేదు అని వరసగా, ప్రతి వాక్యం అలాగే మొదలుపెట్టి రాశారు. బ్లడ్ తన మద్దతు కూడా కలిపి పంపాడు. సర్వీసులో ఉన్న వాళ్లు అలాంటి కాగితం మీద పేరు పెట్టడం అంటే కెరీర్ పణంగా పెట్టడమే, బ్లడ్‌ని ఢాకా నుంచి వెనక్కి పిలిపించేశారు కూడా. కిసింజర్‌కి సమాచారం లేదు అనేవాళ్లకి ఈ ఒక్క టెలిగ్రామ్ చాలు. సమాచారం వచ్చింది, పేర్లతో సహా వచ్చింది.

రెండోది ఏప్రిల్ 28 మెమో. ఇది సలహాదారు పనితనం ఎలా ఉంటుందో చూపించే కాగితం, నేను ప్రింట్ తీసి పిల్లలందరికీ పంచుతాను. కిసింజర్ నిక్సన్‌కి మూడు దారులు రాశాడు. ఒకటి, పశ్చిమ పాకిస్తాన్‌కి పూర్తిగా కొమ్ము కాయడం. రెండు, నిజంగా తటస్థంగా ఉండడం, అంటే సాయం ఆపేయడం దాకా వెళ్లొచ్చు. మూడు, యుద్ధం ఆపి తూర్పు బెంగాల్‌కి కొంత స్వయంప్రతిపత్తి వైపు వెళ్లేలా పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్‌కి సాయం చెయ్యడం. చదవగానే ఎవరికైనా మూడోదే సబబుగా కనిపిస్తుంది, మొదటి రెండూ అటు చివర ఇటు చివర పెట్టి మధ్యలో మనకి కావాల్సింది పెట్టడం అనేది ఆఫీసు కాగితాలు రాసే వాళ్లందరికీ తెలిసిన విద్యే. కిసింజర్ సిఫారసు కూడా మూడోదే. నిక్సన్ మూడో దాని కిందే తన పొడి అక్షరాలు పెట్టాడు. ఇక్కడ దాకా చూస్తే సలహాదారే నడిపించాడు అనిపిస్తుంది కదా, కానీ కింద నిక్సన్ చేత్తో ఒక లైను రాశాడు, అందరికీ చెప్తున్నా, ఇప్పుడు యాహ్యాని నొక్కొద్దు అని, ఆ 'వద్దు' అనే మాట కింద మూడు గీతలు గీశాడు. ఆ మూడు గీతలు చూడండి. మెమోలో ఉన్న మెత్తటి భాష అంతా ఆ చేతిరాతతో పోయింది, ఆ తర్వాత ఎనిమిది నెలలు నడిచింది ఆ ఒక్క లైనే.

మూడోది డిసెంబర్ 3, యుద్ధం మొదలైన రోజు, కిసింజర్ అధ్యక్షతన జరిగిన మీటింగ్ నోట్స్. ఇండియా మీద మనం చాలినంత గట్టిగా లేమని ప్రెసిడెంట్ నాకు ప్రతి అరగంటకీ తలంటుతున్నాడు, పాకిస్తాన్ వైపు మొగ్గాలంటున్నాడు అని కిసింజర్ అధికారులతో చెప్పాడు. జాక్ ఆండర్సన్ అనే కాలమిస్ట్ చేతికి ఆ నోట్స్ చిక్కి పేపర్లో వచ్చేశాయి, ఆయనకి 1972లో పులిట్జర్ వచ్చింది. 'మొగ్గు' అనే మాట మన పాఠ్యపుస్తకాల్లోకి అక్కడ నుంచే వచ్చింది.

ఇప్పుడు చైనా సంగతి. యాహ్యా నిక్సన్‌కి చైనా దారి చూపిస్తున్నాడు కాబట్టి ఆయన్ని నొప్పించలేదు అనేది జులై దాకా కొంతవరకు నిజం. కానీ జులై 15న అంతా బయటపడిపోయింది, బీజింగ్‌తో నేరుగా మాటలు మొదలయ్యాయి, పోస్ట్‌మ్యాన్ అవసరం తీరిపోయింది. అయినా మొగ్గు తగ్గలేదు, పెరిగింది. చైనాకి మనం స్నేహితుడిని వదిలేసే రకం కాదని చూపించాలి అని కిసింజర్ వాదన, అది ఒక లెక్క. మన వాళ్ల మీద నిక్సన్‌కి ఉన్న ఏహ్యభావం ఇంకో సంగతి, దాన్ని ఏ లెక్కలోనూ ఇమడ్చలేం. 1971 నవంబర్ 4, 5 తేదీల్లో ఇందిర వాషింగ్టన్ వెళ్లారు, ఆమెతో మొదటి రోజు మాటలయ్యాక మర్నాడు పొద్దున ఓవల్ ఆఫీసులో నిక్సన్, కిసింజర్ ఇద్దరూ ఆమె గురించీ భారతీయుల గురించీ అన్న బూతులు టేపులో ఉన్నాయి, 2005లో బయటపెట్టారు. ఆ ఏడాదే కిసింజర్ ఒక ఇండియన్ టీవీ చానల్‌తో విచారం వ్యక్తం చేశాడు, అప్పటి ప్రచ్ఛన్న యుద్ధ వాతావరణంలో అన్న మాటలవి అన్నాడు. నేను ఆ ట్రాన్స్‌క్రిప్ట్ మొదటిసారి చదివిన రోజు ఇంటికెళ్లి అన్నం సరిగ్గా తినలేదు, ఒక కోటి మంది శరణార్థులు బెంగాల్, త్రిపుర క్యాంపుల్లో వానలో తడుస్తున్న రోజులవి.

అలాగని కిసింజర్ పై నుంచి వచ్చింది చేసే గుమాస్తా అనుకోవద్దు. డిసెంబర్ 10న న్యూయార్క్‌లో చైనా ప్రతినిధి హువాంగ్ హువాని రహస్యంగా కలిసి, మీరు మీ భద్రత కోసం కదిలితే వేరేవాళ్లు జోక్యం చేసుకోకుండా అమెరికా అడ్డుకుంటుంది అని అర్థం వచ్చేలా చెప్పింది ఆయనే. అమెరికా ఆయుధాలు వేరే దేశం ద్వారా పాకిస్తాన్‌కి ఇవ్వడం చట్టం ఒప్పుకోదని లాయర్లు చెప్పినా జోర్డాన్ నుంచి యుద్ధ విమానాలు పంపించే పనిలో ఆయన చెయ్యి ఉంది. చైనా కదల్లేదు. 16న ఢాకా లొంగిపోయింది.

అపోహ: అమెరికా ఏడో నౌకాదళం వైజాగ్ మీద దాడికి వచ్చింది, రష్యా సబ్‌మెరైన్లు చుట్టుముడితే తోక ముడిచి పారిపోయింది.

వాస్తవం: ఇది నాకు బాగా దగ్గరి విషయం, మాది వైజాగే. డిసెంబర్ 3 అర్ధరాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ పేలిపోయినప్పుడు కిటికీ అద్దాలు గలగలలాడాయని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది, ఆ తర్వాత రోజుల్లో దీపం బయటికి కనపడకుండా కిటికీలకి నల్ల కాగితాలు అంటించి, పిల్లల్ని గట్టిగా మాట్లాడనిచ్చేవాళ్లు కాదట. బీచ్ రోడ్‌లో ఆ విజయ స్మారకం ముందు ఫోటో దిగని వైజాగ్ వాళ్లుండరు. అయితే చాలామందికి తెలియంది, ఆ ఘాజీ అసలు అమెరికా సబ్‌మెరైనే, డయాబ్లో అనే పేరుతో వాళ్ల నేవీలో ఉండేది, 1960లలో పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు. అంటే అమెరికా ఇనుము వాళ్ల యుద్ధనౌక ఎంటర్‌ప్రైజ్ కన్నా ముందే మన తీరానికి వచ్చింది.

ఎంటర్‌ప్రైజ్ సంగతికొస్తే, అణుశక్తితో నడిచే ఆ విమాన వాహక నౌకని, దానితో ఏడో నౌకాదళంలోని టాస్క్‌ఫోర్స్ 74ని పంపాలని డిసెంబర్ 10న నిర్ణయించారు, బంగాళాఖాతంలోకి వచ్చేసరికి 15 అయింది. పైకి చెప్పిన కారణం ఢాకాలో ఉన్న అమెరికన్లని తరలించడం. లోపలి కారణం, ఢాకా తర్వాత ఇందిర పశ్చిమ పాకిస్తాన్ మీదకి పోకుండా బెదిరించడం, మేమున్నామని చైనాకి చూపించడం. విడుదలైన కాగితాల్లో వైజాగ్ మీద గానీ విక్రాంత్ మీద గానీ దాడి చెయ్యమన్న ఆదేశం లేదు. సోవియట్ వాళ్లు వ్లాదివోస్తోక్ నుంచి ఓడలు పంపిన మాట నిజం, వాళ్లు వెంట వెంట తిరిగిన మాటా నిజం. చుట్టుముట్టి తరిమేశారు అన్న భాగం చాలా ఏళ్ల తర్వాత సోవియట్ నేవీ వాళ్లు చెప్పుకున్న కథ మీద మన వాళ్లు అల్లిన అల్లిక. ఓడ వచ్చిన మర్నాడే ఢాకాలో సంతకాలైపోయాయి, ఇంక బెదిరించడానికి యుద్ధమే మిగల్లేదు. దీంట్లో మన సైనికుల గొప్పతనం ఏం తగ్గింది చెప్పండి? 13 రోజుల్లో ముగించబట్టే కదా ఆ ఓడకి పని లేకుండా పోయింది, ఆ పేరు తీసుకెళ్లి రష్యాకి ఎందుకు ఇచ్చేస్తాం?

అపోహ: "అమెరికాకి శత్రువు కావడం ప్రమాదం, మిత్రుడు కావడం ప్రాణాంతకం", కిసింజర్ అమెరికా నిజస్వరూపం ఒప్పేసుకున్నాడు.

వాస్తవం: దీన్ని ఏటా నలుగురైదుగురు ఎస్సే మొదటి లైనుగా రాస్తారు, నేను ఎర్ర గీత గీస్తాను. మాట దాదాపు నిజమే, సందర్భం తలకిందులు. 1968 చివర్లో నిక్సన్ గెలిచాక, పదవి ఇంకా ఎక్కకముందు, దక్షిణ వియత్నాం నాయకుడు థియూని అమెరికా వదిలేస్తుందన్న మాటలు నడుస్తున్నాయి, అంతకుముందు 1963లో అక్కడి పాత అధ్యక్షుడు డియెమ్‌ని కుట్రలో చంపారు. థియూకి కూడా అదే గతి పడితే, అమెరికాతో శత్రుత్వం ప్రమాదకరమేమో గానీ స్నేహం ప్రాణాంతకం అని ప్రపంచం అనుకుంటుంది, అలా జరగనివ్వద్దని నిక్సన్‌కి చెప్పండి అని కిసింజర్ విలియం బక్లీ అనే అమెరికన్ జర్నలిస్టుతో అన్నాడు, అది బక్లీ రాసిన మాట. అంటే అది ఒప్పుకోలు కాదు, హెచ్చరిక. అయితే 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయింది, ఆ హెచ్చరిక ఆయన కళ్ల ముందే నిజమైంది, కావాలంటే ఎస్సేలో ఇది రాయండి, మార్కులు నేనే వేస్తాను.

అలాగే "యూరప్‌తో మాట్లాడాలంటే ఏ నంబర్‌కి ఫోన్ చెయ్యాలి" అన్నది కూడా. ఆయనే ఒకసారి అన్నాడు, ఆ మాట నేను నిజంగా అన్నానో లేదో నాకే తెలీదు అని. ఎస్సేలో వాడకండి.

అపోహ: వియత్నాంలో శాంతి తెచ్చాడు, నోబెల్ తీసుకున్నాడు.

వాస్తవం: 1973 శాంతి బహుమతి ఇద్దరికి, కిసింజర్‌కీ, ఉత్తర వియత్నాం ప్రతినిధి లె డక్ థోకీ. థో వద్దన్నాడు, మా దేశంలో శాంతి ఇంకా రాలేదు అని. నోబెల్ కమిటీలో ఇద్దరు రాజీనామా చేశారు. కిసింజర్ ఓస్లో వెళ్లలేదు, డబ్బు ఇండోచైనాలో చనిపోయిన, జాడ తెలియని అమెరికన్ సైనికుల పిల్లల స్కాలర్‌షిప్పులకి ఇచ్చేశాడు, సైగాన్ పడిపోయాక బహుమతి వెనక్కి ఇస్తానన్నాడు, కమిటీ తీసుకోలేదు.

అపోహ: ఆయన పైన చెప్పింది చేశాడంతే, కంబోడియా పాపం నిక్సన్‌దే.

వాస్తవం: పైన మొత్తం చదివి ఎవరైనా ఇక్కడికి వస్తారని భయంతోనే ఇది రాస్తున్నా. అరువు పవర్ అయినా వాడిన చెయ్యి ఎవరిదో వాళ్లకి బాధ్యత ఉంటుంది. 1969 మార్చిలో మొదలై 14 నెలలు కంబోడియా మీద రహస్యంగా బి-52 విమానాలతో బాంబులు వేశారు, అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కి చెప్పలేదు, వైమానిక దళం రికార్డుల్లోనే తప్పుడు చోట్లు రాయించారు. పేపర్లో లీకైతే 17 మంది ఫోన్లు ట్యాప్ చేయించారు, అందులో కిసింజర్ సొంత స్టాఫ్ ఉన్నారు. 1970 డిసెంబర్ 9 రాత్రి నిక్సన్ ఫోన్లో అరిచాక కిసింజర్ హేగ్‌కి ఫోన్ చేసి, కంబోడియాలో భారీగా బాంబింగ్ కావాలంటున్నాడు, ఎగిరేది ఏదైనా కదిలేదాని దేని మీదైనా అని చెప్పాడు. ఆ సంభాషణ మనకి ఎలా తెలిసిందంటే, ఆయన ఆఫీసులో ప్రతి ఫోన్ కాల్‌నీ సెక్రటరీలు ఎక్స్‌టెన్షన్ లైన్లో విని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైప్ చేసేవాళ్లు, అవతలి మనిషికి తెలీదు. పదవి దిగేటప్పుడు ఆ కాగితాలు తన సొంతమని తీసుకెళ్లి షరతులతో లైబ్రరీలో దాచాడు, ఏళ్ల తరబడి కొట్లాడాక 2004లో సుమారు 20 వేల పేజీలు జనానికి అందాయి. తన మీద సాక్ష్యం తనే టైప్ చేయించుకున్నట్టయింది.

తూర్పు తైమూర్ కూడా ఇలాగే చదవాలి. 1975 డిసెంబర్ 6న జకార్తాలో ఫోర్డ్, కిసింజర్ ఇండొనేసియా అధ్యక్షుడు సుహార్తోని కలిశారు, మర్నాడే ఇండొనేసియా సైన్యం తైమూర్‌లో దిగింది. తేదీలు పక్కపక్కన రాసుకోండి, అంతకన్నా నేను చెప్పేదేం లేదు.

అపోహ: కిసింజర్ అధ్యక్షుడు కావాలని చూశాడు.

వాస్తవం: కాలేడు. పుట్టుకతో అమెరికన్ అయ్యుండాలి. ఆయన 1923లో జర్మనీలో ఫ్యూర్త్ అనే ఊళ్లో పుట్టాడు.

ఈ ఊరి సంగతి చెప్పకుండా మిగతాది చెప్పడం నాకు న్యాయం అనిపించదు, హార్వర్డ్ ప్రొఫెసర్, పుట్టుకతో పెద్దింటి మనిషి అనుకుంటారు చాలామంది. యూదు కుటుంబం, నాన్న స్కూల్ టీచర్, నాజీలొచ్చాక ఉద్యోగం తీసేశారు, 1938లో పిల్లాడికి 15 ఏళ్లప్పుడు న్యూయార్క్ పారిపోయారు. పగలు గడ్డం గీసుకునే బ్రష్షులు తయారుచేసే ఫ్యాక్టరీలో పని, రాత్రి స్కూలు. 1943లో ఆర్మీలో చేరి సైనికుడిగా మళ్లీ జర్మనీ వెళ్లాడు, 1945 ఏప్రిల్లో హానోవర్ దగ్గర ఆలెమ్ నిర్బంధ శిబిరాన్ని విడిపించిన దళంలో ఉన్నాడు. వెనక ఉండిపోయిన చుట్టాలు చాలామంది చనిపోయారు. ఇంత చూసిన మనిషి ఢాకా టెలిగ్రామ్ చదివి కదలకపోవడం ఏంటి అని ఒకమ్మాయి క్లాసులో లేచి అడిగింది, నాకు ఇప్పటికీ దానికి నిండైన జవాబు దొరకలేదు. గందరగోళం అంటేనే ఆయనకి భయం, రాజ్యాల మధ్య సమతూకం నిలబడితేనే మనుషులు బతుకుతారని నమ్మాడు, పీహెచ్‌డీ కూడా నెపోలియన్ తర్వాత యూరప్‌ని కుదుటపరిచిన మెట్టర్‌నిక్, కాసల్‌రేల మీదే చేశాడు అని చెప్పాను. "మరి ఆ తూకంలో ఢాకా వాళ్లని ఎటువైపు వేశాడు మేడం?" అంది ఆ అమ్మాయి.

అపోహ: షటిల్ దౌత్యంతో, అంటే రెండు రాజధానుల మధ్య విమానంలో తిరుగుతూ మాట్లాడి, ఈజిప్ట్-ఇజ్రాయెల్ శాంతి ఒప్పందం చేయించాడు.

వాస్తవం: శాంతి ఒప్పందం 1979లో, కార్టర్ హయాంలో. కిసింజర్ చేయించింది ఇజ్రాయెల్‌తో ఈజిప్ట్, సిరియాల 1973 అక్టోబర్ యుద్ధం తర్వాత సైన్యాల్ని విడదీయడం, 1974 జనవరిలో ఈజిప్ట్‌తో, మే చివర్లో సిరియాతో, 1975 సెప్టెంబర్‌లో సినాయ్‌లో రెండోసారి. సిరియా కోసం నెల రోజులకి పైగా డమాస్కస్‌కీ జెరూసలేంకీ మధ్య విమానంలో తిరిగాడు, కునైత్రా అనే పాడుబడ్డ ఊరు చుట్టూ గీత ఎక్కడ గియ్యాలి అనే దాని మీద. ఆ సిరియా గీత మీద పెద్ద యుద్ధం లేకుండా దశాబ్దాలు గడిచాయి, నా లెక్కలో ఆయన మంచి పనుల్లో ఇది పైన ఉంటుంది, నోబెల్ ఇవ్వాలనుకుంటే దీనికి ఇచ్చుండాల్సింది.

అపోహ: పదవి పోయాక కూడా చివరిదాకా అమెరికాని వెనక నుంచి ఆయనే నడిపించాడు.

వాస్తవం: పిలిచారు, విన్నారు, నడిపించడం వేరు. 1982లో సొంత కన్సల్టింగ్ కంపెనీ పెట్టాడు. 2002 నవంబర్‌లో బుష్ ఆయన్ని సెప్టెంబర్ 11 దాడుల విచారణ కమిషన్‌కి ఛైర్మన్‌గా వేస్తే, నీ క్లయింట్ల పేర్లు చెప్పాలి అన్నారు, నెల తిరక్కుండానే తప్పుకున్నాడు. మన విషయంలో కూడా మారాడు, తర్వాతి రోజుల్లో ఇండియాతో దగ్గరవ్వాలనే చెప్పాడు, 2023 జూన్‌లో మోదీ వాషింగ్టన్ వెళ్లినప్పుడు విందుకి నూరేళ్ల వయసులో వీల్‌చైర్‌లో వచ్చాడు. తర్వాతి నెలే బీజింగ్ వెళ్తే షీ జిన్‌పింగ్ ఆయన్ని 1971లో జౌని కలిసిన అదే గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెట్టాడు. నవంబర్ 29న చనిపోయాడు.

పిల్లలు ఎప్పుడూ అడిగేది, మేడం ఏ పుస్తకం చదవాలి అని. పుస్తకాలకన్నా ముందు నేను చెప్పిన మూడు కాగితాలు చదవండి, అన్నీ అమెరికా ప్రభుత్వమే నెట్‌లో ఉచితంగా పెట్టింది, ఒక్కోటి పదిహేను నిమిషాల పని. మొదట ఏప్రిల్ 6 టెలిగ్రామ్, తర్వాత ఏప్రిల్ 28 మెమో, తర్వాత డిసెంబర్ 3 నోట్స్, ఇదే వరసలో. మెమో చదివేటప్పుడు టైప్ చేసిన కాపీతో ఆగిపోకండి, స్కాన్ చేసిన అసలు పేజీ కూడా తెరవండి, నిక్సన్ పెన్నుతో గీసిన ఆ మూడు గీతలు దాంట్లోనే కనిపిస్తాయి.